అమ్మల సంఘంలో నేర్పినట్టు మనకెందుకు నేర్పరు?



మన హాస్టళ్లకు ట్రైనింగులు కొత్తేమీ కాదు. కెరీర్ గైడెన్స్ అంటారు, వ్యక్తిత్వ వికాసం అంటారు, లైఫ్ స్కిల్స్ అంటారు, ఈమధ్య లీడర్‌షిప్ అంటున్నారు. పేరేదైనా పద్ధతి ఒక్కటే. ఆదివారం పొద్దున హాల్లో చాపలు పరుస్తాం. పట్నం నుంచి ఒక సార్ వస్తారు. పెద్ద లక్ష్యం పెట్టుకోండి అంటారు, చప్పట్లు కొట్టిస్తారు, కళ్లు మూసుకుని పదేళ్ల తర్వాత మీరెక్కడుంటారో చూసుకోండి అంటారు. మధ్యాహ్నం ఫోటో, సాయంత్రం సర్టిఫికెట్. ఆ సార్లను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. సొంత ఛార్జీలు పెట్టుకుని వచ్చినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. కానీ మరునాడు పదో తరగతి తమ్ముడు వచ్చి "అన్నా, పాలిటెక్నిక్‌కి ఎప్పుడు అప్లై చేయాలి?" అని అడిగితే ఆ సర్టిఫికెట్‌లో జవాబు దొరకదు.

ఈ హాస్టల్లో ఉండి చదివి ఇప్పుడు పీజీలు చేస్తున్న మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. మేనేజ్‌మెంటు వింటే రాదు, మన డబ్బు, మన పుస్తకం, మన పని మీద చేస్తేనే వస్తుంది. దీనికి రుజువు కోసం ఎక్కడికో పోనక్కరలేదు. మన ఇళ్లలోనే ఉంది.

మన అమ్మల సంఘాలు చూడండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత పొదుపు సంఘాలు ఊపందుకున్నాయి. 2000లో ఉమ్మడి రాష్ట్రంలోని ఆరు జిల్లాల్లో 'వెలుగు' మొదలైంది. ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ వాటిలో ఉన్నాయి. తర్వాత అది ఇందిరా క్రాంతి పథం అయింది, రాష్ట్రమంతా విస్తరించింది. అక్కడ అమ్మలకు నేర్పినవి పంచసూత్రాలు. క్రమం తప్పకుండా సమావేశం, క్రమం తప్పకుండా పొదుపు, సంఘంలోనే అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. బోర్డు మీద రాసి బట్టీ పట్టించి వదిలేయలేదు. పది, పదిహేనుమంది కూర్చుని ఎవరికి ఎంత అప్పు ఇవ్వాలో వాళ్లే తేల్చుకోవాలి, తీర్మానం రాయాలి, రాకపోతే ఎందుకు రాలేదో అందరి ముందూ చెప్పాలి. వేలిముద్ర వేసే అమ్మ ఆరు నెలలు తిరిగేసరికి సంతకం నేర్చుకుంది, వడ్డీ నోటిలెక్కన చెప్పేసింది, బ్యాంకు మేనేజర్ ముందు కుర్చీలో కూర్చుంది. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మినిట్స్ బుక్ రాసిపెట్టింది మనలో చాలామందిమే. "చిన్నమ్మ 500 కట్టింది, రాసినవా బిడ్డా?" అని రెండుసార్లు అడిగి మరీ రాయించేవాళ్లు.

ఇంకో సంగతి. అమ్మలకు నేర్పింది ఎక్కువగా అమ్మలే. సంఘంలో చేరి, అప్పు తీసుకుని, తీర్చి, నిలదొక్కుకున్న ఆడవాళ్లనే సి.ఆర్.పి.లుగా పక్క ఊళ్లకు పంపారు. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చాక మన ఆడవాళ్లు బీహార్ లాంటి రాష్ట్రాలకు కూడా పోయి, భాష రాకపోయినా ఊళ్లలో రోజుల తరబడి ఉండి సంఘాలు కట్టించి వచ్చారు. వాళ్ల దగ్గర పవర్ పాయింట్ లేదు. "నేను కూడా నీలాగే ఉండేదాన్ని, ఇట్లా చేసిన" అని చెప్పగలిగారు, అంతే. సంఘాల్లో తగాదాలు లేవని, అప్పుల బాధలు లేవని మేము అనడం లేదు. ఆ తగాదాలను తీర్చుకోవడం కూడా అక్కడ ట్రైనింగులో భాగమే అంటున్నాం.

మరి ఆ అమ్మల పిల్లలమైన మనకు హాస్టల్లో అలాంటి పాఠం లేదా? ఉంది. దానికి తాళం వేసి ఉంది. దాని పేరు మెస్.

2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం డైట్ ఛార్జీలు పెంచింది. 8 నుంచి 10వ తరగతి వరకు నెలకు 1,100 ఉన్నది 1,540 అయింది. ఇంటర్ నుంచి పీజీ వరకు 1,500 ఉన్నది 2,100 అయింది. హాస్టల్లో ఉండే ప్రతి ఒక్కరికీ ఈ అంకె తెలుసు, ఎందుకంటే పెరిగిన రోజు పండగ చేసుకున్నాం. కానీ 1,540ని 30తో భాగిస్తే రోజుకు 51 రూపాయలు అని, వందమంది ఉన్న హాస్టల్లో నెలకు 1,54,000 అని, వారానికి నాలుగు గుడ్లు పెట్టేచోట గుడ్డు ధర ఒక్క రూపాయి పెరిగితే నెలకు 1,600 తేడా వస్తుందని ఎంతమందిమి కాగితం మీద వేసి చూశాం? మెస్ కమిటీ అని ఒకటి ఉంటుంది. దాని పని చాలాచోట్ల సంతకం పెట్టడమే. ఆ కమిటీని నెలనెలా మార్చి, ఇండెంట్ రాయడం, మార్కెట్లో ధర కనుక్కోవడం, సరుకు తూకం వేయించుకోవడం, స్టాక్ రిజిస్టర్ చూడటం, నెలాఖరున అందరి ముందూ లెక్క చదవడం మనకు అప్పగిస్తే అంతకన్నా పెద్ద మేనేజ్‌మెంట్ కోర్సు ఏముంటుంది? "పిల్లలు చదువుకోవడానికి వచ్చారా, ఉల్లిగడ్డలు లెక్కపెట్టడానికి వచ్చారా" అని కొందరు పెద్దలు అంటారు. ఇవే లెక్కలు ఎం.బి.ఎ.లో ఫీజు కట్టి నేర్చుకుంటున్నారు కదా సార్! డబ్బు వార్డెన్ సార్ చేతిలోనే ఉండనివ్వండి. లెక్క మాత్రం గోడ మీద ఉండనివ్వండి.

ఇక కెరీర్ ప్లానింగ్. మనలో చాలామందికి ఇంట్లో డిగ్రీ మెట్టు ఎక్కిన మొదటి మనిషి మనమే. అడగడానికి ఎవరూ ఉండరు. నాన్న "నీకేది మంచిదనిపిస్తే అది చదువు" అంటాడు. అది ప్రేమే, కానీ దారి కాదు. మనవాళ్ల చదువు తెలివి తక్కువై ఆగడం మేము పెద్దగా చూడలేదు. తేదీ తెలియక, కాగితం లేక ఆగడం చాలాసార్లు చూశాం. 2025లో పదో తరగతి పరీక్షలు జరుగుతున్న రోజుల్లోనే పాలిసెట్ దరఖాస్తులు నడిచాయి. పరీక్షలైపోయాక నిమ్మళంగా చూద్దాం అనుకుని ఇంటికి పోయినవాడికి ఏడాది పోయినట్టే. ఆధార్‌లో పేరు ఒకరకంగా, పదో తరగతి మెమోలో ఇంకోరకంగా ఉంటే స్కాలర్‌షిప్ ఆగుతుంది. ఆ దిద్దుబాటు తొమ్మిదో తరగతిలో అయితే ఒక పూట పని, డిగ్రీలో అయితే ఆరు నెలల తిరుగుడు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఎ. ఉందని మాలో సగంమందికి డిగ్రీ అయ్యాకే తెలిసింది.

ప్రతి ట్రైనింగులోనూ అంబేడ్కర్ గారి ఫోటోకు దండ వేస్తారు, కష్టపడి పైకొచ్చారని చెబుతారు. ఆయన ఎలా ప్లాన్ చేసుకున్నారో చెప్పరు. 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో అమెరికా వెళ్లారు, 1916లో లండన్ చేరారు. స్కాలర్‌షిప్ గడువు తీరిపోయి 1917లో చదువు మధ్యలోనే తిరిగి రావలసి వచ్చింది. అయితే వచ్చేముందే, నాలుగేళ్లలోపు వచ్చి పూర్తిచేసుకునేట్టు అనుమతి తీసుకున్నారు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరి, జీతంలో మిగిల్చి, కొంత అప్పు చేసి, కొల్హాపూర్ మహారాజు సాయం తీసుకుని, గడువు దాటకముందే 1920లో మళ్లీ ఓడ ఎక్కారు. 1923లో డి.ఎస్సీ. వచ్చింది. (ఆ పరిశోధన కూడా రూపాయి గురించే!) ఇందులో పట్టుదల ఎంత ఉందో గడువు తేదీ, డబ్బు లెక్క, పర్మిషన్ కాగితం కూడా అంతే ఉన్నాయి. మన పిల్లలకు ఈ రెండో సగం చెప్పాలి.

ఒక భయం కూడా ఉంది, దాచుకోకుండా చెప్పాలి. "ఉద్యోగాలు ఉన్నాయి, మీకే స్కిల్ లేదు" అని మన నెత్తిన రుద్దడానికి ట్రైనింగులు ఒక సాకు అవుతున్నాయి. ఫీజు బకాయి రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే అది మన స్కిల్ లోపం కాదు. బకాయి బకాయే, దాన్ని అడగాల్సిందే. కానీ అడగడానికి కూడా ఏ సంవత్సరానిది ఎంత, ఏ తేదీన దరఖాస్తు పెట్టాం అనే కాగితం కావాలి. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఉంది. దాని కింద ఒక దరఖాస్తు రాయడం ఏ లీడర్‌షిప్ క్లాసులోనూ మాకు నేర్పలేదు.

కాబట్టి అన్నలూ, అక్కలూ, ఈసారి వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు శాలువాలు తేవద్దు. మీ పాత హాల్ టికెట్లు, ఫీజు రసీదులు, సీటు రాని సంవత్సరం కౌన్సెలింగ్ కాగితాలు, మొదటి జీతం స్లిప్పు పట్టుకురండి. పోలీసు కానిస్టేబుల్ అయిన అన్న, నర్సింగ్ చేసిన అక్క, ఐ.టి.ఐ. చేసి రైల్వేలో ఉన్న అన్న, ఊళ్లో టెంట్ హౌస్ పెట్టుకున్న అన్న, ఒక్కొక్కరు పదేసిమంది తమ్ముళ్లను కూర్చోబెట్టుకుంటే చాలు. తొమ్మిదో తరగతి పిల్లలు ముందు వరుసలో ఉండాలి, ఫైనలియర్ వాళ్లకు ఇప్పటికే ఆలస్యమైంది. సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమం మొదలయ్యేలోపు రెండు గంటలు ఖాళీ ఉంది. డైనింగ్ హాల్ కావాలని వార్డెన్ సార్‌ని అడిగాం, తాళం ఇస్తామన్నారు. పోయిన నెల మెస్ లెక్క కూడా అడిగాం, చూద్దామన్నారు.