చుట్టా, మందా... ఏది నయం?

మనవాళ్ళలో ఒక తమాషా ఉంది. ఎవరి అలవాటు గురించి అడిగినా తమకి లేని అలవాటు గురించి చెప్తారు. చుట్ట కాల్చే పెద్దాయన్ని "ఎందుకండీ ఇంకా అది" అంటే, "నేనేమన్నా తాగి రోడ్డు మీద పడ్డానా?" అంటారు. శుక్రవారం రాత్రి గచ్చిబౌలిలో మూడో బీరు మీద ఉన్నవాణ్ణి కదిపితే, "మామా, నేను సిగరెట్టు ముట్టను, అంతవరకు నయం" అంటాడు. రెండూ లేనివాడు బిర్యానీ తింటూ ఈ ఇద్దరికీ క్లాసు పీకుతాడు :)

ఈ రెండిట్లో ఏది నయం అన్న ప్రశ్న వినడానికి సైన్సు ప్రశ్నలాగే ఉంటుంది. కానీ అడిగేవాడికి జవాబుతో పని లేదు, పర్మిషన్ కావాలి. ఆ పర్మిషన్ ఎంతవరకు చెల్లుతుందో చూద్దామని కొన్ని లెక్కలు చదివాను. వాటి గురించే ఈ గొడవంతా.

ముందు మా వైపు సంగతి చెప్పాలి. గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి పొగాకు చెడు అలవాటు కన్నా ముందు ఒక పంటగా పరిచయం. వరద తీసిపోయాక లంకల్లో మేట వేసిన ఒండ్రులో పండేది చుట్ట పొగాకు, అందుకే దాన్ని లంక పొగాకు అంటారు. పైన జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం మెట్టలో పండేది వర్జీనియా. దాన్ని బ్యారన్లలో కాల్చి సిగరెట్టు కంపెనీలకి పంపుతారు. 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ పెట్టడానికి రాజమండ్రినే ఎంచుకున్నారంటే ఊరికే కాదు. (ఈమధ్య ఆ సంస్థ పేరులోంచి పొగాకు అన్న మాట తీసేసి వాణిజ్య వ్యవసాయం అని పెట్టారు. కాలం మారింది.) మన లంక చుట్ట లండన్ దాకా వెళ్ళింది కూడా. 1890లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ నవల 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో, బూడిద చూసి ఏ పొగాకో చెప్పగలనని హోమ్స్ గొప్పలు పోతాడు. అక్కడ 'లుంకా' అని ఒక ఇండియన్ చుట్ట పేరొస్తుంది. అది మన లంకే. హోమ్స్ గారు పైపు పీల్చేవారు గానీ బూడిద మాత్రం మనది చదివారు!

పైపు మన దగ్గర సినిమాల్లోనే ఎక్కువ, పట్టు డ్రెస్సింగ్ గౌను వేసుకుని మెట్లు దిగే జమీందారు నోట్లో. ఊళ్ళో ఆ స్థానం చుట్టది. కన్యాశుల్కంలో గిరీశం దగ్గర వెంకటేశం గట్టిగా నేర్చుకున్న విద్య చుట్ట కాల్చడమే కదా. చేలో పనిచేసేవాళ్ళు, రావులపాలెం గెలల మార్కెట్లో కూర్చునే పెద్దలు, పంచాయతీ చెప్పేవాళ్ళు అందరి చేతుల్లోనూ ఉండేది. తాగేవాడికి పిల్లనివ్వరు గానీ చుట్ట కాల్చేవాడికి ఇవ్వడానికి ఎవరూ ఆలోచించలేదు. ఇప్పుడు మన ఆఫీసుల్లో అదంతా తిరగబడింది. చుట్ట తీస్తే వాచ్‌మన్ కూడా అదోలా చూస్తాడు. మందు మాత్రం టీమ్ ఔటింగ్ అయింది, ప్రమోషన్ పార్టీ అయింది. ఆన్‌సైట్ నుంచి వచ్చేవాడు డ్యూటీ ఫ్రీ బాటిల్ తేకపోతే స్నేహమే లేదంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళలో 43 శాతం మంది తాగుతామని చెప్పారు. ఆంధ్రలో అందులో సగం.

అంటే మనం మార్చుకుంటూ వచ్చింది మర్యాద లెక్క. ఒంటి లెక్క ఎప్పుడూ ఒకటే.

సరే, ఆ ఒంటి లెక్కకి వద్దాం.

చుట్ట, పైపు వాళ్ళ పెద్ద ధైర్యం "మేం పొగ లోపలికి పీల్చం" అన్నది. ఇందులో నిజం ఉంది. సిగరెట్టు పొగకి కొంచెం ఆమ్ల గుణం, అందులోని నికోటిన్ ఒంటికి పట్టాలంటే ఊపిరితిత్తుల్లోకి లాగాలి. చుట్ట, పైపు పొగాకుకి క్షార గుణం. నోట్లో పొగ ఉంచుకుంటే చాలు, బుగ్గల్లోంచే నికోటిన్ రక్తంలోకి వెళ్ళిపోతుంది. పీల్చక్కర్లేదు, అంతవరకు ఒప్పుకోవాల్సిందే. కానీ పొగ ఎక్కువసేపు ఉండిపోయేది నోట్లో, గొంతులో. ఆ భాగాలు కూడా మనవే కదా!

వీళ్ళ దగ్గర ఒక పాత సర్టిఫికెట్టు కూడా ఉంది. 1964లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక వచ్చింది. సిగరెట్టు కంపెనీల నెత్తిన పిడుగు లాంటిది. అందులోనే పైపు పీల్చేవాళ్ళ మరణాల రేటు పీల్చనివాళ్ళ కన్నా పెద్ద ఎక్కువేం లేదని ఉంది. పైపు వాళ్ళు ఆ ముక్క పట్టుకున్నారు. అదే నివేదికలో పెదవి క్యాన్సర్‌కి పైపుతో సంబంధం ఉందని కూడా రాశారు, అది వదిలేశారు. సర్వర్ యావరేజ్ లోడ్ బాగుంది కాబట్టి అన్ని నోడ్లూ బాగున్నట్టే అనుకోవడం లాంటిది ఇది. మొత్తం మరణాల సగటు వేరు, ఒక్కో అవయవం లెక్క వేరు.

2004లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ వాళ్ళు 1,38,307 మంది మగవాళ్ళ లెక్క తీశారు. సిగరెట్టూ సిగారూ లేకుండా పైపు ఒక్కటే పీల్చినవాళ్ళని, ఎప్పుడూ ఏదీ కాల్చనివాళ్ళతో పోల్చారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయే ముప్పు 5 రెట్లు. నోరు, గొంతు దాదాపు 4 రెట్లు. స్వరపేటిక 13 రెట్లు. సిగరెట్టు కన్నా మొత్తం మీద తక్కువే, అది దాచక్కర్లేదు. కానీ పోల్చాల్సింది సిగరెట్టుతోనా, ఏమీ కాల్చని మనిషితోనా? బెంచ్‌మార్క్‌కి చెత్త సిస్టమ్‌ని ఎంచుకుంటే మన కోడ్ ఎప్పుడూ ఫాస్టే!

చుట్ట విషయంలో మన తీరానికి బాగా తెలిసిన ఇంకో ఘోరం ఉంది, అడ్డపొగ. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా తీర గ్రామాల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళలో ఉండేది. పనిచేసుకుంటూ కాల్చొచ్చు, గాలికి ఆరదు, బూడిద రాలదు. 1971లో డెన్మార్క్ ప్రొఫెసర్ పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ డాక్టర్ ఫాలి మెహతా బృందం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్ళు చూసి బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో అచ్చు వేశారు. గట్టి అంగిలి మీద క్యాన్సర్ మిగతా ప్రపంచంలో అరుదు. మన దగ్గర మాత్రం అది అడ్డపొగ కాల్చేవాళ్ళ జబ్బు. ప్రపంచమంతా దంత వైద్యం చదివే పిల్లల పుస్తకాల్లో మన ఊళ్ళ పేరు ఇలా ఎక్కింది.

ఇక మందు. ఇక్కడా ఒక పాత సర్టిఫికెట్టు ఉంది, "రోజుకో పెగ్గు గుండెకి మంచిది". కొంచెం తాగేవాళ్ళు అసలు తాగనివాళ్ళ కన్నా ఎక్కువ బతుకుతున్నారని చాలా అధ్యయనాల్లో వచ్చిన మాట నిజం. ఆ తాగనివాళ్ళు ఎవరు? 1988లోనే బ్రిటన్‌లో షేపర్ అనే ఆయన బృందం లాన్సెట్‌లో ఇదే అడిగింది. జబ్బు చేసి డాక్టరు మానెయ్యమంటే మానేసినవాళ్ళు కూడా తాగనివాళ్ళ ఖాతాలో ఉన్నారు. వాళ్ళు త్వరగా పోతే తాగనివాళ్ళ సగటు పాడవుతుంది, తాగేవాడు పక్కన హీరోలా కనిపిస్తాడు. తర్వాత 2019లో చైనాలో 5 లక్షల మందిని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనంలో, మందు పడని జన్యువు ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ పోల్చారు. పక్షవాతం విషయంలో మందు కాపాడిందేమీ లేదు, తాగేకొద్దీ ముప్పు పెరిగింది. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం ఇంత తాగితే ఫరవాలేదు అని చెప్పగలిగే హద్దే లేదంది. క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో పొగాకు పొగ 1986లో చేరితే మందు 1988లో చేరింది. ఇద్దరూ ఒకే క్లాసు, రెండేళ్ళు జూనియర్ అంతే.

మనం ఎంత తాగుతున్నామో కూడా మనకి సరిగ్గా తెలీదు. ఒక క్వార్టర్ విస్కీ 180 మిల్లీలీటర్లు, అందులో ఆల్కహాల్ 42.8 శాతం. గ్రాముల్లోకి మారిస్తే దాదాపు 61 గ్రాములు. అమెరికా వాళ్ళ ఒక డ్రింక్ అంటే 14 గ్రాములు. అంటే "ఒక్క క్వార్టరేగా" అన్నది నాలుగు డ్రింకులు దాటింది. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 8 శాతమైతే మూడు డ్రింకులు.

ఈ నాలుగు అన్న అంకె ఎందుకు చెప్పానంటే, 1988లోనే అమెరికాలో నోటి క్యాన్సర్ మీద ఒక పెద్ద అధ్యయనం జరిగింది. రోజుకి రెండు పెట్టెలకి తక్కువ కాకుండా సిగరెట్లు, నాలుగు డ్రింకులకి పైగా మందు, రెండూ ఉన్నవాళ్ళకి ముప్పు ఏదీ లేనివాళ్ళ కన్నా 35 రెట్లు దాటింది. రెండు ముప్పులూ కూడుకోవు, గుణించుకుంటాయి. మందు నోటిలోపలి పొరని పొగాకు విషాలకి తెరిచిపెడుతుంది. పైగా ఒంట్లో విరిగి ఎసిటాల్డిహైడ్ అయ్యి అదీ ఒక చెయ్యి వేస్తుంది. పెగ్గు పట్టుకుంటేనే సిగరెట్టు వెలిగించే 'సోషల్ స్మోకర్లు' మన ఆఫీసుల్లో ఎంతమందో చెప్పక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం చుట్ట కాల్చేవాళ్ళ మాట కొట్టిపారెయ్యలేను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత... అదంతా అమ్మా నాన్నల ద్వారా విన్నదే. కానీ చుట్ట మీద మన రాష్ట్రంలో ఏ ఊరి ఆడవాళ్ళూ అలా తిరగబడినట్టు నేను వినలేదు. చుట్ట కాల్చేవాణ్ణి తింటుంది, మందు ఇంటిల్లిపాదినీ తింటుంది. కూలి డబ్బులు, దెబ్బలు, రాత్రి బైకు ప్రమాదాలు, ఇవి ఏ రెట్ల పట్టికలోనూ రావు. భార్య వైపు నుంచి చూస్తే చుట్ట మొగుడే నయం, అందులో వాదన లేదు. చంటిపిల్లల ముందు కాల్చనంత వరకు.

కానీ అది ఇంటి ఖాతా. దాంట్లో మిగిలింది తెచ్చి ఒంటి ఖాతాలో జమ వేసుకోవడం కుదరదు.

ఇదంతా ఇంత పట్టుదలగా రాయడానికి కారణం మా పెద్ద మావయ్య. ఆలమూరు వైపు ఊరు, అరవై దాటాయి, నలభై ఏళ్ళుగా చుట్ట. జీవితంలో చుక్క ముట్టలేదు. ఈ వేసవిలో నవ్వుతుంటే అంగిలి మీద తెల్లగా కనిపించింది. అడిగితే "వేడికి ఒరుసుకుంది లేరా" అన్నారు. రెండు నెలలు పోయాక చూసినా అలాగే ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్దాం మావయ్యా అంటే ఆయన జవాబు మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. "మీ హైదరాబాదులో వారం వారం తాగుతారు కదా, ముందు వాళ్ళని తీసుకెళ్ళు."

చుట్ట, పైపు మామూలుగా కాల్చేవాళ్ళకి అంగిలి తెల్లబడి మధ్యలో ఎర్రటి చుక్కలు రావడం డెంటిస్టులకి బాగా తెలిసిన విషయమే. చాలావరకు కాల్చడం మానేస్తే తగ్గుతుంది. అడ్డపొగ వాళ్ళకి వచ్చేది అంత తేలిక కాదు. ఇది కాక ఎక్కడైనా గట్టిపడిన తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మానని పుండు ఉంటే అది వేరే కథ. ఏది ఏదో తేల్చడానికి లైటు, అద్దం, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్ష, అంతే. రెండు మూడు వారాలు దాటి మానలేదంటే చూపించాలి. నోటి క్యాన్సర్ మొదట్లోనే దొరికితే బయటపడే అవకాశం చాలా ఎక్కువ. మన దేశంలో చాలామంది ముదిరాకే వెళ్తారు. నోరు తెరిస్తే కనిపించే జబ్బు కూడా అంత ఆలస్యంగా బయటపడుతోందంటే, ఇలాంటి జవాబులకి కూడా అందులో వాటా ఉంది.

పోనీ చదువుకున్న మనం ఏమన్నా మెరుగా? మా కంపెనీ ఏటా ఇచ్చే హెల్త్ చెకప్‌లో కొలెస్ట్రాల్ ఉంది, విటమిన్ డి ఉంది, ట్రెడ్‌మిల్ ఉంది. నోట్లోకి టార్చి వేసి చూసే మనిషి లేడు. ఇన్సూరెన్సు ఫారంలో పొగాకు, మందు రెండు గడులూ ఉంటాయి, మనవాళ్ళు రెండింట్లోనూ 'లేదు' కొట్టేస్తారు. అక్కడ మాత్రం పోలికలు ఉండవు, విచిత్రం :)

మొత్తానికి మావయ్యతో బేరం కుదిరింది. వచ్చే నెల మొదటి శనివారం రాజమండ్రిలో డెంటిస్టు దగ్గరికి వస్తానన్నారు. ఒకటే షరతు, అదే రోజు అక్కడే ల్యాబులో నేను లివర్ టెస్టు చేయించుకుని ఆ రిపోర్టు ముందు ఆయన చేతిలో పెట్టాలి. వారానికి రెండు బీర్లవాణ్ణి, నాకేంటి అనబోయి ఆగాను. ట్రైన్ టిక్కెట్టు బుక్ చేశాను, గౌతమికి. వెయిటింగ్ లిస్టు 14.