ఆడుకోని బొమ్మకే అసలు ధర!

బొమ్మ పొడవు నాలుగంగుళాలు కూడా లేదు. ఒళ్లంతా మామూలు ప్లాస్టిక్కే. తలకు శిరస్త్రాణం, వీపు మీద బుల్లి రాకెట్టు. 2024 మే నెలాఖరులో అమెరికాలోని హెరిటేజ్ ఆక్షన్స్ సంస్థ దాన్ని వేలానికి పెడితే ఎంత పలికిందో తెలుసా? అక్షరాలా 5,25,000 డాలర్లు. అప్పటి మారకం ప్రకారం మన రూపాయల్లో నాలుగు కోట్ల పైమాటే!

ఆ బొమ్మ పేరు బోబా ఫెట్. 'స్టార్‌వార్స్' సినిమాల్లో డబ్బు తీసుకుని మనుషుల్ని వేటాడి అప్పగించే కిరాయి వేటగాడు. అంత ధర పెట్టడానికి అందులో బంగారమేమీ లేదు. ఉన్న విశేషమల్లా ఒక్కటే... అలాంటి బొమ్మ ఏ దుకాణంలోనూ అమ్మలేదు. ఏ పిల్లాడూ దాంతో ఆడుకోలేదు.

పాత స్టార్‌వార్స్ బొమ్మలు సేకరించేవాళ్ల లోకంలో అన్నీ ఇలాంటి చోద్యాలే. వాళ్లను అక్కడ కలెక్టర్లంటారు (మన జిల్లా కలెక్టర్లతో పోలికేం లేదుగానీ, ఒక్కోసారి హోదా అంతకేం తగ్గదు!). పిల్లలు ఆడుకోవడానికి తయారైన బొమ్మల్లో ఎవరూ ఆడుకోనివాటి కోసం వెతకడం వాళ్ల పని.

ఖాళీ అట్టపెట్టె అమ్మారు!

1977 మే 25న స్టార్‌వార్స్ మొదటి సినిమా విడుదలైంది. అంతకుముందు ఆ సినిమా బొమ్మల హక్కులంటే పెద్ద పెద్ద కంపెనీలకే పట్టలేదు. అప్పట్లో యాక్షన్ బొమ్మలకు పేరుపడ్డ మెగో కంపెనీ వద్దు పొమ్మంది. చివరికి ఒహాయో రాష్ట్రం సిన్సినాటిలోని కెన్నర్ కంపెనీ ఒప్పుకుంది. ఆ కంపెనీ యజమాని ఎవరనుకున్నారు? పొద్దున్నే పాలల్లో వేసుకుతినే సీరియల్స్ తయారుచేసే జనరల్ మిల్స్!

దర్శకుడు జార్జ్ లూకాస్ మాత్రం ముందే మేల్కొన్నాడు. పారితోషికం పెంచమని పట్టుబట్టకుండా సీక్వెల్స్, వ్యాపార వస్తువుల మీద హక్కులు తనకు వదిలేయమన్నాడు. నిర్మాణ సంస్థ ట్వంటియత్ సెంచురీ ఫాక్స్ 'ఓస్, అంతేనా' అనుకుని సరేనంది. సినిమా చరిత్రలో ఇంతకన్నా ఖరీదైన 'సరే' ఇంకోటి ఉండదేమో.

సినిమా ఊహించనంతగా ఆడింది. పిల్లలు బొమ్మలు కావాలని గోలపెట్టారు. కానీ అచ్చులు పోసి, తయారుచేసి క్రిస్మస్‌కి దుకాణాల్లో పెట్టడం కెన్నర్ వల్ల కాలేదు. అప్పుడు వాళ్లో ఉపాయం పన్నారు. 'ఎర్లీ బర్డ్' పేరుతో ఓ పలుచటి అట్ట కవరు అమ్మారు. అందులో బొమ్మ ఉండదు! బొమ్మలు నిలబెట్టుకోవడానికి రంగుల అట్ట, కొన్ని స్టిక్కర్లు, ఓ కూపను ఉంటాయంతే. కూపను పోస్టులో పంపితే తర్వాతి ఏడాది ల్యూక్, ప్రిన్సెస్ లియా, చ్యూబాకా, ఆర్2-డి2... ఈ నాలుగు బొమ్మలూ ఇంటికొస్తాయి. ఆ అమ్మకం కూడా డిసెంబరు 31 వరకే.

క్రిస్మస్ చెట్టు కింద బహుమతి విప్పిన పిల్లాడికి అట్టముక్క కనిపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అయినా చాలామంది కొన్నారు, ఎదురుచూశారు. ఆశపడ్డవాళ్లంతా కూపను కత్తిరించి పంపేశారు. అందుకే కత్తిరించకుండా మిగిలిపోయిన కవరు దొరికితే ఇప్పుడు కలెక్టర్లకు పండగ.

1978లో పన్నెండు బొమ్మలు దుకాణాలకొచ్చాయి. ఒక్కోటీ రెండు డాలర్లకు అటూఇటూ. అంతవరకూ అమెరికాలో మగపిల్లల బొమ్మలంటే అడుగెత్తు జి.ఐ.జో లాంటి పెద్దవే ఎక్కువ. కెన్నర్ వాటిని 3.75 అంగుళాలకు కుదించింది. కారణం సులువు. హీరోలు నడిపే వ్యోమనౌకలూ అమ్మాలి కదా! అడుగు బొమ్మ పట్టే నౌక చేస్తే అది మంచమంత అవుతుంది. ఈ కొలత ఎంతగా కుదిరిందంటే, ఆ ఒక్క 1978లోనే నాలుగు కోట్లకు పైగా స్టార్‌వార్స్ బొమ్మలు అమ్ముడయ్యాయి. 1982లో జి.ఐ.జో కూడా అదే సైజుకు దిగొచ్చింది. ఆ తర్వాత మన దేశంలో ఫన్‌స్కూల్ కంపెనీ అమ్మిన జి.ఐ.జో బొమ్మలు గుర్తున్నాయా? మోకాళ్లూ మోచేతులూ వంచుతూ మనింట్లో పిల్లలు యుద్ధాలు చేయించినవే. వాటి పొడుగుకు మూలం ఈ సినిమానే. విదేశీ జి.ఐ.జో అభిమానులు ఇప్పుడు ఫన్‌స్కూల్ అట్టల కోసం వెతుకుతుంటారు. అటక మీద ఏమైనా ఉన్నాయేమో ఓసారి చూసుకోవచ్చు!

తప్పులే ముద్దు

ఈ బొమ్మల్లో కంపెనీ చేసిన పొరపాటు ఎంత పెద్దదైతే ధర అంత ఎక్కువ. మొదట్లో వచ్చిన కొన్ని ల్యూక్, బెన్ కెనోబీ, డార్త్ వేడర్ బొమ్మల చేతిలోని వెలుగు కత్తి రెండుసార్లు సాగేది. కత్తి బయటికొచ్చాక దాని లోపల్నుంచి సూదిలాంటి మొన మరోటి వచ్చేది. ఇట్టే విరిగిపోతుండటంతో కొద్దికాలానికే ఆ పద్ధతి మానేశారు. 2015 డిసెంబరులో సోదబీస్ వేలంలో అలాంటి కత్తి ఉన్న ల్యూక్ బొమ్మ 25,000 డాలర్లకు పోయింది.

జావా అనే పొట్టి బొమ్మదీ ఇదే కథ. మిగతా బొమ్మలకన్నా బాగా చిన్నది, ధర మాత్రం అంతే. పైగా దానికి తొడిగిన వినైల్ అంగీ మరీ చౌకబారుగా ఉందని కొద్దినాళ్లకే గుడ్డ అంగీ వేశారు. ఇంకేముంది... చౌకబారుదే అపురూపమైంది!

స్నాగుల్‌టూత్ సంగతి మరీ నవ్వొస్తుంది. ఆ పాత్రను బొమ్మగా మలచడానికి కెన్నర్ వాళ్ల దగ్గరున్న ఫొటోలో నడుము పైభాగమే కనిపిస్తుంది. కింది భాగం ఊహించుకున్నారు. పొడుగ్గా, నీలం దుస్తులతో, కాళ్లకు బూట్లతో తయారుచేసి సియర్స్ దుకాణాల కోసం చేసిన సెట్టులో పెట్టారు. తీరా చూస్తే సినిమాలో ఆ పాత్ర మరుగుజ్జు, వేసుకున్నది ఎర్ర దుస్తులు! వెంటనే సరిదిద్దారు. కలెక్టర్లకు మాత్రం సరైన ఎరుపు కన్నా తప్పుడు నీలమే ముద్దు.

1985 నాటికి సినిమాల వేడి చల్లారింది. బొమ్మలు అమ్ముడుపోలేదు. చివర్లో తయారైన యాక్ ఫేస్ అమెరికా దుకాణాలకు రానే లేదు. కెనడా, ఐరోపా, ఆస్ట్రేలియాల్లో అమ్మారు. వ్లిక్స్ అనే బొమ్మయితే ఒక్క బ్రెజిల్లోనే దొరికింది. టర్కీలో అనుమతీ గినుమతీ లేకుండా 'ఉజాయ్' పేరుతో అచ్చేసిన దొంగ బొమ్మలూ ఉన్నాయి. అట్టల మీద బొమ్మకూ పేరుకూ పొంతన ఉండదు. నకిలీ అని తెలిసీ వాటిని అసలు బొమ్మల కన్నా ఎక్కువ పోసి కొనేవాళ్లున్నారు. అభిమానానికి తర్కం అడగకూడదు మరి.

ఎగరని రాకెట్

మళ్లీ బోబా ఫెట్ దగ్గరికొద్దాం. 1979లో కెన్నర్ ఓ ప్రకటన ఇచ్చింది. ఏవైనా నాలుగు బొమ్మలు కొన్నట్టు రుజువులు పంపితే, తర్వాతి సినిమాలో రాబోయే బోబా ఫెట్‌ను ఉచితంగా పంపుతామని. వీపు మీది స్ప్రింగ్ నొక్కితే రాకెట్ రివ్వున దూసుకెళ్తుందని బొమ్మ గీసి మరీ చూపించారు. పిల్లలకింకేం కావాలి!

సరిగ్గా ఆ రోజుల్లోనే ఓ ఘోరం జరిగింది. మాటెల్ కంపెనీ తయారుచేసిన 'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా' వ్యోమనౌక బొమ్మలోంచి చిన్న క్షిపణి ఊడి గొంతులోకి వెళ్లి ఓ చిన్నారి ప్రాణం పోయింది. కెన్నర్ ఇంజినీర్లు తమ రాకెట్‌ను భద్రంగా ఆపడానికి తంటాలు పడ్డారు. స్ప్రింగు మీట కదిలే గాడిని మొదట ఇంగ్లిష్ 'ఎల్' అక్షరంలా, తర్వాత 'జె' ఆకారంలో మార్చి చూశారు. నమ్మకం కుదరలేదు. చివరికి రాకెట్‌ను కదలకుండా వీపుకే అతికించేసి పంపారు. అప్పటికే అచ్చయిన అట్టల మీద ప్రకటన కనపడకుండా స్టిక్కర్లు అంటించారు. బొమ్మతోపాటు ఓ చీటీ కూడా పెట్టారు... భద్రత కోసం రాకెట్ పేల్చే ఏర్పాటు తీసేశామని, నచ్చకపోతే తిప్పి పంపితే వేరే బొమ్మ ఇస్తామని.

ఎందరు పిల్లలు నిరాశపడ్డారోగానీ, ఆ నిర్ణయం ఎందరి ప్రాణాలు కాపాడిందో లెక్క చెప్పలేం. రాకెట్ ఎగరేసే బోబా ఫెట్‌లు పరీక్షల కోసం చేసినవే కంపెనీలో కొద్దిగా మిగిలాయి. ఉద్యోగుల చేతుల మీదుగా బయటికొచ్చాయి. చేత్తో రంగులద్దిన అలాంటి 'ఎల్' గాడి బొమ్మకే 2024లో అంత ధర.

మార్కులేసే పెట్టె

డబ్బున్నచోట కేటుగాళ్లూ ఉంటారు. బెన్ కెనోబీ బొమ్మ వినైల్ అంగీని కత్తిరించి జావాకు తొడిగి, అరుదైనదని అంటగట్టడం ఈ రంగంలో పాత మోసం. సాగే కత్తులకూ నకిలీలున్నాయి. పాత అట్టకు కొత్త ప్లాస్టిక్ బుడగ అతికించి 'అసలు విప్పనే లేదు' అని అమ్మేవాళ్లూ ఉన్నారు. దాంతో బొమ్మలకు పరీక్షలు పెట్టి మార్కులు వేసే సంస్థలు పుట్టుకొచ్చాయి. 'యాక్షన్ ఫిగర్ అథారిటీ' అలాంటిదే. అట్ట మూల నలిగిందా, బుడగ పసుపెక్కిందా, ధర చీటీ చింపిన మచ్చ ఉందా... అన్నీ చూసి నూటికి ఇన్ని అని తేల్చి, పారదర్శకమైన యాక్రిలిక్ పెట్టెలో బిగించి ఇస్తారు. అయిదు మార్కుల తేడాకి ధర ఎక్కడికో పోతుంది.

పెట్టెలో బిగించినా పని అయిపోలేదు. ఎండ తగిలితే తెల్ల ప్లాస్టిక్ పచ్చబడుతుంది. స్టార్మ్‌ట్రూపర్ సైనికుల తెలుపు అందుకే పాతబడ్డ పంటి రంగులోకి మారిపోతుంటుంది. కర్టెన్లు దించి, గది చల్లగా, చీకటిగా ఉంచాలి. మన బొమ్మల కొలువు బొమ్మలు ఏడాదికోసారైనా పెట్టె దిగి, వీధి పిల్లలందరి ముందూ మెట్లెక్కి కూర్చుంటాయి. పాపం వీటికి ఆ భాగ్యమూ లేదు.

నకిలీలను మార్కులేసి పట్టుకోవచ్చు. మనుషుల్ని ఎలా పట్టుకోవాలి? స్టీవ్ శాన్స్‌వీట్‌కు ఎదురైంది ఆ ప్రశ్నే. ఒకప్పుడు వాల్‌స్ట్రీట్ జర్నల్ పాత్రికేయుడైన ఆయన తర్వాత లూకాస్ కంపెనీలోనే చేరారు. కాలిఫోర్నియాలోని పెటలూమా దగ్గర ఒకప్పటి కోళ్లఫారంలో 'రాంచో ఓబీ-వాన్' పేరుతో స్టార్‌వార్స్ వస్తువుల ప్రదర్శనశాల కట్టారు. ప్రపంచంలో అతిపెద్ద స్టార్‌వార్స్ సేకరణగా అది గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. 2017 జూన్‌లో ఆయన బయటపెట్టిన సంగతి విని కలెక్టర్లు నివ్వెరపోయారు. అక్కడినుంచి వందకు పైగా అరుదైన వస్తువులు మాయమయ్యాయి. వాటిలో ఎక్కువ అట్ట విప్పని పాత బొమ్మలే. విలువ రెండు లక్షల డాలర్లపైనే. తీసుకెళ్లింది బయటి దొంగ కాదు... ఆయన నమ్మిన స్నేహితుడే! చాలావాటిని అప్పటికే అమ్మేశాడు. కొన్నవాళ్లంతా సాటి అభిమానులే. ఎవరి గాజు బీరువాలో ఉన్నది ఎవరి బొమ్మో తెలియని పరిస్థితి. తమ దగ్గరున్న వస్తువుల జాడ చెప్పి సాయపడమని ఆయన ఆ లోకాన్నే అడగాల్సి వచ్చింది. పోలికలు పట్టడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. ఫలానా మూల మడత, ఫలానా చోట ధర చీటీ అని గుర్తుపట్టేస్తారు.

కాలి కింద అక్షరం

ఇదంతా విని కలెక్టర్లంటే కోటీశ్వరులే అనుకోకండి. ఎక్కువమంది కొనేవి అట్టా గిట్టా లేని విడి బొమ్మలే. వాటిని 'లూజ్' అంటారు. ఆడి ఆడి కీళ్లు వదులై నిలబడలేనివి, ముక్కు మీద రంగు పోయినవి, నోట్లో పెట్టుకుని కొరికినవి. చాలావాటికి చేతిలో తుపాకీ ఉండదు. గోరంత ఆ తుపాకులు ఎప్పుడో తివాచీల్లో, ఇసుకలో కలిసిపోయాయి. బొమ్మ కన్నా దాని తుపాకీకే ఎక్కువ పెట్టాల్సి రావడం ఇక్కడ మామూలే.

కొన్ని విడి బొమ్మల్ని తిరగేస్తే అరికాలి మీద మార్కర్‌తో రాసిన పొడి అక్షరాలు కనిపిస్తాయి. పక్కింటి పిల్లలతో కలిసి ఆడుకునేటప్పుడు మనది మారిపోకుండా 1980ల్లో ఎవరో రాసుకున్న గుర్తు. మార్కులేసేవాళ్ల దృష్టిలో అది మచ్చ. ధర తగ్గుతుంది. రసాయనాలతో రుద్ది తుడిచేసి అమ్మేవాళ్లున్నారు. అక్షరాలున్నవే ఏరికోరి కొని, అలాగే అలమరలో పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. పెట్టేటప్పుడు పక్కకు పడిపోకుండా ఆ వదులు కాళ్లను గోడకు ఆనించాలి, అంతే.