పొగలేని నిప్పు

తర్కశాస్త్రమునకు కొత్తగా వచ్చిన విద్యార్థికి గురువు మొదట చెప్పు దృష్టాంతము వంటయింటిదే. కొండమీద పొగ కనబడుచున్నది. కాబట్టి అక్కడ నిప్పున్నది. పొగ యున్నచోట నిప్పుండునని యెట్లు తెలియును? వంటయింటిలో చూచితిమి గనుక తెలియును. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున ఈ దృష్టాంతమునే చెప్పెను. తరతరముల పండితులు వంటయింటిని సాక్ష్యమునకు పిలిచిరి గాని, ఆ పొగలో కూర్చుండి కన్నులు తుడుచుకొనుచున్న మనిషిని ఒక్కసారియు సాక్షిగా పిలువలేదు. పిలిచియుండినచో శాస్త్రమునకు వచ్చు హాని లేదు. సంసారమునకు మేలు కలిగియుండును.

ఆ శాస్త్రమే మఱియొక మాటయు చెప్పుచున్నది. పొగ యున్నచోట నిప్పుండును గాని, నిప్పున్నచోటనెల్ల పొగ యుండవలెనను నియమము లేదు. ఎఱ్ఱగా కాలిన యినుపగుండు దానికి నిదర్శనము. పాశ్చాత్యుల విద్యుత్తు పొయ్యి ఆ యినుపగుండే. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహింపగా చుట్ట వేడెక్కి యెఱ్ఱబాఱును. అందు మండునది లేదు గనుక పొగయు లేదు, మసియు లేదు. 1892లో కెనడా దేశపు అటావా నగరమున తామస్ అహెర్న్ అను నాతడు ఒక విందునకు కావలసిన వంటనంతయు విద్యుత్తుతో చేయించెను. మఱుసటి యేడు చికాగో ప్రపంచప్రదర్శనమున విద్యుత్తు వంటయిల్లు చూపబడెను. ఇరువదవ శతాబ్దము నడిమికి వచ్చునప్పటికి, పైన నాలుగు చుట్టలు, క్రింద రొట్టెలు కాల్చు అర గల నిగనిగలాడు పొయ్యి అమెరికా మధ్యతరగతి సంసారములకు గౌరవచిహ్నమయ్యెను. ఆ పాత పొయ్యిలను వెదకి కొని, బాగుచేయించి, ఇంట నిలుపుకొని మురియువారు నేడును కలరు. 1959లో మాస్కోలోని అమెరికా ప్రదర్శనమున అట్టి వంటయింటి యెదుట నిలిచి నిక్సను, కృశ్చేవులు ఏ దేశపుపద్ధతి మేలైనదని వాదులాడుకొనిరి. వాదించిన యిద్దఱును పురుషులే.

ఇంతవఱకు చదివి, ఈ పంతులు మనలను ఆ పొయ్యిని కొనుమనుచున్నాడు కాబోలునని చదువరులు తలంపవలదు. యంత్రము వచ్చినంతమాత్రమున స్త్రీ చాకిరి తగ్గునను నమ్మకమును ఆ దేశపు లెక్కలే కొట్టివేయుచున్నవి. ఉద్యోగము లేని అమెరికా గృహిణి 1920 ప్రాంతమున వారమునకు 52 గంటలు ఇంటిపని చేయుచుండెను. 1960 ప్రాంతమున 55 గంటలు చేయుచుండెనని జోన్ వానెక్ అను విదుషి 1974లో చూపెను. నడుమ వచ్చిన పొయ్యిలు, బట్టలుతుకు యంత్రములు, చలిపెట్టెలు ఏమి చేసినట్లు? రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో దీనికి కారణము విప్పి చెప్పెను. కట్టెలు కొట్టుట, బొగ్గు మోయుట మున్ను పురుషులపాలి పని. పొయ్యి మాఱగా ఆ పని పోయెను. పోయినది పురుషుని వంతు. మిగిలినది స్త్రీ వంతు. యంత్రము ఇంటికి వచ్చెను గాని, దానితోపాటు పురుషుడు వంటయింటికి రాలేదు.

ఇక మన సంగతి చూతము. మన మన్యపు సరిహద్దున మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము 1955లో పనికి వచ్చెను. ఆ 1955లోనే జపానులో తోషిబావారు విద్యుత్తుతో అన్నము వండు కుండను అమ్మకమునకు పెట్టిరి. ఆ కుండను రూపొందించిన మినామి దానిని కర్మాగారమునకే వదలలేదు. ఆయన భార్య ఫుమికో ఇంటిలో మరలమరల అన్నము వండి, బియ్యమునకు ఎంత నీరు, ఎంత వేడి, ఎంతసేపు పట్టునో పరీక్షించెను. వండు మనిషిని అడిగి చేసిన పనిముట్టు గనుక అది అచటి వంటయిండ్లలో నిలిచెను. మన కొండలనుండి దిగివచ్చిన విద్యుత్తు వీథిదీపమునకు వెళ్లెను, బియ్యపుమరకు వెళ్లెను, పొలములోని మోటారునకు వెళ్లెను. కాలక్రమమున చావడిలోని టెలివిజనునకును వెళ్లెను. వంటయింటికి మాత్రము ఒక చిన్నదీపమై వెళ్లి, అచటి మసిని చూపి ఊరకుండెను.

విద్యుత్తు ఖరీదైనదందురా? అట్లే యగుగాక. కట్టెలతోనే పొగ తప్పించు ఉపాయము మన హైదరాబాదులోనే పుట్టినది. అచటి ఇంజనీరింగు పరిశోధనాలయమునకు అధ్యక్షుడైన యస్. పి. రాజు 1953లో, కోట్లాది జనులకు పొగలేని వంటయిండ్లు కలుగవలెనని ఆంగ్లమున ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. మట్టితో పొడవైన పొయ్యి. ఒకే మంటపై వరుసగా కొన్ని పాత్రలు. తుదను పొగను కప్పు దాటించు గొట్టము. ఇంతే. ఇందు విదేశీయమేమియు లేదు. అయినను అది మన యూళ్లలో వ్యాపింపలేదు. గొట్టమునకు మసి పట్టునని, మట్టి బీటలు వాఱునని, బాగుచేయువారు లేరని అందురు.

ఈ మాట అనకాపల్లి సీమవారు చెప్పదగినది కాదు. మా రోలుగుంట చుట్టుపట్ల చెఱకు పండును, బెల్లము వండుదురు. బెల్లపు పొయ్యి బీటలు వాఱదా? వాఱును. గానుగ ఆడు దినములు సమీపింపగానే మగవారే మట్టి కలిపి దానిని మెత్తుదురు. పిప్పి ఎటునుండి ఎగద్రోయవలెను, మంట ఎటు సాగవలెను, పొగ ఎటు పోవలెను అని తాతలనాటినుండి ఆలోచించి కట్టుదురు. ఏలయన, పాకము చెడిన సంతలో వెల తగ్గును. ఆడుదాని యూపిరి చెడిన ఏ సంతలోను వెల తగ్గదు. రెండు పొయ్యిలకును గల భేదము ఇదియే.

పూర్వపక్షులు చెప్పు మాటలు మూడు కలవు. కట్టెలపొయ్యిమీది అన్నమునకే రుచి యందురు. రుచి తినువానిది, పొగ వండుదానిది. పొగను తాను పీల్చుచు ఆ రుచిని కొనియాడువాడెవడైన నున్నచో వాని మాట విందును. పొగవలన తాటాకు కప్పునకు పురుగు పట్టదందురు. ఇల్లు రేకులదియు స్లాబుదియు అయిన పిమ్మటకూడ ఈ వాదము చేయువారిని ఎఱుగుదును. ఇక మూడవది: కట్టెలు ఊరకనే వచ్చును, గ్యాసునకు డబ్బు పెట్టవలెనందురు. అసలు మర్మ మిచ్చటనే యున్నది. కట్టె ఊరకనే వచ్చునా? కొండవైపునుండి మోపు మోసి తెచ్చు తల యొకటి యున్నది. ఆ తల నొప్పికి కూలి లేదు గనుక లెక్కలో లేదు. గ్యాసుబండకు పురుషుని జేబు తగ్గును. కట్టెలమోపుకు స్త్రీ మెడ తగ్గును. తగ్గినది మెడయైనచో దానిని పొదుపనుచున్నాము.

ఇండ్లలోని పొయ్యిపొగవలన 2020లో ప్రపంచమున ఇంచుమించు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచారోగ్యసంస్థ లెక్క. ఊపిరితిత్తులు చెడుట, పసిబిడ్డలకు న్యుమోనియా, గుండెజబ్బు, ఇవి ఆ పొగ ఫలములు. ప్రభుత్వములు ఊరకుండినవని అనరాదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపము పథకము, 2016లో కేంద్రపు ఉజ్జ్వల పథకము పేద స్త్రీలకు గ్యాసు ఇచ్చినవి. 2024లో మన రాష్ట్రమున ఏటికి మూడు బండలు ఉచితముగా నిచ్చు పథకము ఆరంభమయ్యెను. అయినను మా మండలమున పెక్కిండ్లలో గ్యాసుపొయ్యి టీనీళ్లకును, చుట్టములకును. అన్నమునకును, స్నానపు వేన్నీళ్లకును కట్టెలపొయ్యియే. ప్రభుత్వము బండను గుమ్మమువఱకు తేగలదు. ఖాళీయైన దానిని మరల నింపించు సంకల్పమును తేజాలదు. ఆ సంకల్పము ఇంటి యజమానిది.

కాబట్టి గృహస్థులకు నేను చెప్పునది విద్యుత్తు పొయ్యి కొనుడని కాదు, గ్యాసు వాడుడనియు కాదు. అవి రెండవ మెట్టు. మొదటి మెట్టు వంటయింటి ఖర్చును ఇంటి ఖర్చులలో మొదటిదిగా వ్రాయుట. మోటారుసైకిలు వాయిదాకు ముందు, పెద్ద టెలివిజనుకు ముందు, గ్యాసు ఖర్చు తీసి ఆమె చేతికీయవలెను. క్రొత్త యిల్లు కట్టువాడు వంటయింటి కిటికీ ఎక్కడ, గట్టు ఎంత ఎత్తు, ప్లగ్గు ఎక్కడ అని మేస్త్రీని కాక భార్యను అడుగవలెను. నేడు రెండుమూడువేల రూపాయలకు దొరకు ఇండక్షన్ పొయ్యిమీద ఇనుపగిన్నెయే స్వయముగా వేడెక్కును. కాని సరియైన తీగ, ఎర్తింగు లేని గోడకు దానిని తగిలించిన పొగ పోయి ప్రాణాపాయము వచ్చును. ఆ తీగకు పెట్టు ఖర్చు విలాసము కాదు.

రెండవది ఇంతకంటె కష్టమైనది. పురుషుడు వంటయింటిలోనికి పోవలెను. పర్యవేక్షణకు కాదు, వండుటకు. దినమున కొక్కపూట వండినవాడు పొగగొట్టము కావలెనని మఱుసటి మాసముననే కేకలు వేయును. ఉపన్యాసములు ఏబదియేండ్లలో చేయలేని సంస్కరణ అతని కన్నీళ్లే చేయును. మాబోటి పంతుళ్లు తరగతిలో బాలికలతోపాటు బాలురకును అన్నము వార్చుట నేర్పవలెను. పొగకు నిప్పు హేతువని నేర్చిన బాలుడు, వంటయింటి పొగకు తన తండ్రి ఉపేక్షయు ఒక హేతువని ఊహింపనిచో, అతనికి మనము తర్కము నేర్పినట్లు కాదు.