వచ్చే వేసవికి చూద్దామన్నాను

డిగ్రీ చదివే పిల్లలు వేసవి సెలవుల్లో ఏం చేయాలి? మన ఇళ్లలో ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడో సిద్ధమై ఉంది. మగపిల్లవాడైతే అంగట్లో కూర్చోవాలి, లేదా బెంగళూరు పోయి ఎవరో బంధువు షెడ్డులో నాలుగు రూపాయలు సంపాదించుకోవాలి. ఆడపిల్లయితే కుట్టుమిషను నేర్చుకోవాలి, పెళ్లిళ్లకు పోవాలి, వీలైతే ఆమె పెళ్లి సంగతీ ఆ రెండు నెలల్లోనే తేల్చాలి. అదే రెండు నెలలను ఒక పరిశోధనాలయంలో గడపవచ్చునని, ఎంపికైతే ఉపకార వేతనం కూడా ఇస్తారని చెబితే నమ్మేవారు తక్కువ. ఒకప్పుడు నేనూ నమ్మలేదు. పైగా నమ్మిన ఒక అమ్మాయికి అడ్డుపడ్డాను. ఆ సంగతి చెప్పుకోవలసి ఉంది.

2019 మార్చి నెల. పలమనేరులో పట్టుగూళ్ల వ్యాపారం చేసే ఒక సోదరుడు జుమా నమాజు తర్వాత నా దగ్గరికి వచ్చాడు. కూతురు బీఎస్సీ రెండో సంవత్సరం. బెంగళూరులోని ఒక పరిశోధనా సంస్థ ఆమెను రెండు నెలల వేసవి శిక్షణకు ఎంపిక చేసింది. ఆ ఉత్తరం అచ్చు తీయించి చేతిలో పట్టుకొచ్చాడు. "బచ్చీ కూ ఇత్తే దూర్ కైసా భేజ్‌నా, హజ్రత్?" అన్నాడు. పిల్లను అంత దూరం ఎలా పంపడం అని. ఆయన అడిగింది దూరం గురించి కాదని నాకు తెలుసు. పలమనేరులో పొద్దున బస్సెక్కితే జొహర్ వేళకు బెంగళూరులో ఉంటాం. నలుగురూ ఏమంటారన్నదే ఆయన అడిగిన ప్రశ్న. ఆ సంవత్సరం రంజాన్ మే నెలలో వచ్చింది. నాకు ఒక సులువైన జవాబు దొరికింది. "రంజాన్‌లో ఇంటిదగ్గరే ఉండనివ్వండి భాయ్, వచ్చే వేసవికి చూద్దాం" అన్నాను. ఆయన ముఖంలో బరువు దిగినట్లయింది. అమ్మాయి ముఖం నేను చూడలేదు.

వచ్చే వేసవి అంటే 2020. మార్చి నెలాఖరుకు దేశమంతా లాక్‌డౌన్‌లోకి వెళ్లింది. కళాశాలలు, ప్రయోగశాలలు, బస్సులు అన్నీ ఆగిపోయాయి. ఆ ఏడాదే అమ్మాయి డిగ్రీ ముగిసింది. ఆమెకు మరో వేసవి లేకుండా పోయింది. తర్వాత పెళ్లయింది, సుఖంగానే ఉంది. కానీ ఆమె దరఖాస్తులో ఏం రాసిందో చాలా రోజులకు తండ్రి నాకు చూపించాడు. పట్టుపురుగులు ఉబ్బి, పాలవంటి ద్రవం కారి చచ్చిపోయే రోగం ఉంది కదా, అది ఒక వైరస్ వల్ల వస్తుంది. ఒకే షెడ్డులో ఒక తట్టలో పురుగులన్నీ పోయి, పక్క తట్టలోనివి ఎందుకు బతుకుతాయో తెలుసుకోవాలని ఆమె రాసింది. ఇంట్లో తండ్రి నష్టపోవడం చూసి పుట్టిన ప్రశ్న అది. దానిని ఒక సంవత్సరం ఆగమన్నవాణ్ణి నేను.

ఇటువంటి శిక్షణల ప్రయోజనం ఏమిటని అడిగేవారికి నేను వైను బప్పు గారి సంగతి చెబుతాను. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్‌లో నిజామియా వేధశాలను నెలకొల్పారు. బప్పు తండ్రి అందులో ఉద్యోగి. ఆ పిల్లవాడు దూరదర్శినుల మధ్య పెరిగాడు. నిజాం కళాశాలలో చదువుకున్నాడు, విద్యార్థిగా ఉన్నప్పుడే నక్షత్రాల కాంతిలో వచ్చే మార్పులను గమనించి వ్యాసాలు ప్రచురించాడు. హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లి, 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టినవారిలో ఒకడయ్యాడు. వాణియంబాడి దగ్గర జవ్వాది కొండల్లో కావలూరు వేధశాల ఆయన చేతి మీదుగా వెలసిందే. 2.34 మీటర్ల పెద్ద దూరదర్శినికి, ఆ వేధశాలకు 1986లో ఆయన పేరే పెట్టారు. వాణియంబాడిలో మనకు వియ్యంకులున్నారు, ఆంబూరులో బంధువులున్నారు. పెళ్లికి పోయి బిర్యానీ తిని వస్తాం. పైన కొండ మీద ఏముందో మన పిల్లలకు చెప్పినవారు లేరు.

బప్పుకు పరిశోధన ఇంట్లోనే దొరికింది. పట్టుగూళ్ల వ్యాపారి కూతురికి ఎక్కడ దొరుకుతుంది? అలాంటి పిల్లలకు ఆ ఇంటి వాతావరణాన్ని రెండు నెలలు అప్పుగా ఇచ్చేవే ఈ వేసవి కార్యక్రమాలు. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ 1969లోనే డిగ్రీ పిల్లలను పరిశోధనలోకి తీసుకోవడం మొదలుపెట్టింది. అక్కడి జాతీయ సైన్స్ ఫౌండేషన్ 1987 నుంచి దేశవ్యాప్తంగా అలాంటి వేసవి శిక్షణకు డబ్బు ఇస్తోంది, కాకపోతే అది ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. మనకు అంత దూరం అవసరం లేదు. బెంగళూరులోని భారత విజ్ఞాన అకాడమీ, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మరి రెండు అకాడమీలతో కలిసి వేసవి పరిశోధనా ఫెలోషిప్పులు ఇస్తూ వస్తోంది. కాలం సుమారు రెండు నెలలు. ఇవి విద్యార్థులకే కాదు, అధ్యాపకులకూ ఉన్నాయి. మన డిగ్రీ కళాశాలల్లో పాఠాలు చెప్పే యువకులు ఈ మాట గమనించాలి. బెంగళూరు జక్కూరులోని జవాహర్‌లాల్ నెహ్రూ కేంద్రం, టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ కూడా వేసవిలో విద్యార్థులను తీసుకుంటాయి. ఇక 2015లో మొదలైన తిరుపతి ఐసర్, ఐఐటీలు మన గడప ముందరే ఉన్నాయి.

పరిశోధన అంటే ఎక్కడో జరిగే పని అనుకోవడం మనకు అలవాటైపోయింది. పలమనేరులోనే పశు పరిశోధనా కేంద్రం ఉంది, పొట్టి పుంగనూరు ఆవు జాతిని కాపాడుతున్నది అక్కడే. చిత్తూరు నుంచి తిరుపతి పోయే దారిలో గాదంకి దగ్గర పైగాలుల కదలికను కొలిచే పెద్ద రాడార్ ఉంది. ఆ బస్సులో మనం ఎన్నిసార్లు పోలేదు?

ఇక దరఖాస్తు సంగతి. మన పిల్లలు ఎక్కువగా ఓడిపోయేది పరీక్షలో కాదు, తేదీలో. వేసవి అనగానే ఏప్రిల్‌లో కదులుతారు. అకాడమీల గడువు చాలా సంవత్సరాలుగా నవంబరు నెలాఖరుకే ముగిసిపోతోంది. మిగతా సంస్థలవి కొన్ని చలికాలంలో, కొన్ని మార్చి దాకా ఉంటాయి. ఏటా మారవచ్చు కనుక ప్రకటన చూసుకోవలసిందే. సరిగ్గా అప్పుడే సెమిస్టర్ పరీక్షలు కూడా. కాబట్టి అక్టోబరులోనే కాగితాలు సిద్ధం చేసుకోవాలి.

రెండో చిక్కు, ఏం తెలుసుకోవాలనుకుంటున్నావో రాయమంటారు. "చిన్నప్పటి నుంచి నాకు సైన్స్ అంటే ఇష్టం" అని మన పిల్లలు రాస్తారు. వేలమంది అదే రాస్తారు. మన మండలాల్లో బోరు వెయ్యి అడుగులు దించినా నీళ్లు ఎందుకు పడవు, టమోటా ఆకు ఎందుకు ముడుచుకుపోతుంది, ఇలాంటి ఒక్క ప్రశ్న నిజాయితీగా రాస్తే చదివేవారి కన్ను ఆగుతుంది. ఆ అమ్మాయి ఎంపిక కావడానికి ఆ తట్టల ప్రశ్న కూడా ఒక కారణమై ఉంటుందని నేను అనుకుంటాను.

మూడోది ఉస్తాద్ ఉత్తరం. ఇది నాకు తెలిసిన విద్య. పెద్ద మదర్సాలకు పోయే పిల్లలకు తస్దీక్‌నామాలు రాసి రాసి నా చేయి అరిగింది. పిల్లవాణ్ణి ఎరగని ఉస్తాద్ ఎంత పొడుగు రాసినా రెండు వాక్యాల విషయం ఉండదు. మన కళాశాలల్లో చాలామంది ఈ ఉత్తరాన్ని నడవడి ధ్రువపత్రం అనుకుంటారు. "క్రమశిక్షణ గల విద్యార్థిని" అని సంతకం పెట్టి ఇస్తారు. ఈమె ఏ ప్రశ్న అడిగింది, ఏ ప్రయోగం రెండోసారి చేసింది, ఎక్కడ పొరబడి దిద్దుకుంది, ఇవి రాయాలి. అది రాయాలంటే పిల్ల ముందు నుంచే ఉపాధ్యాయుడి దగ్గరికి పోయి ప్రశ్నలు అడిగి ఉండాలి. మన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, చివరి బెంచీలో కూర్చుని తల వంచుకుని వచ్చేస్తారు. అలా పెంచింది మనమే.

అక్కడికి పోయినవారందరికీ అద్భుతాలు జరుగుతాయని నేను చెప్పను. మొదటి పది రోజులు గాజు గొట్టాలు కడగడంలోనే పోవచ్చు. కొందరు ఆచార్యులకు తీరిక ఉండదు, కుర్రాడు ఒక మూల కూర్చుని వస్తాడు. చేసిన ప్రయోగం ఫలించకపోవచ్చు, అయినా చివర నివేదిక రాసి ఇవ్వాలి. మరో సంగతి, శిక్షణ పేరుతో వేలకు వేలు రుసుము వసూలు చేసి సర్టిఫికెట్ చేతిలో పెట్టే దుకాణాలు కూడా తయారయ్యాయి. పైన చెప్పిన వాటికీ వీటికీ సంబంధం లేదు, మోసపోవద్దు.

ఇల్లు విడిచి చదువుకు పోవడం మనకు కొత్తా? ఒక్క హదీసు కోసం హజ్రత్ జాబిర్ (రజి) నెల రోజుల ప్రయాణం చేసిన సంగతి మింబర్ మీద మేమే చెబుతాం. నేను పదకొండేళ్ల వయసులో రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని, షవ్వాల్ నెలలో తమిళనాడులోని మదర్సాకు పోయాను. మా అమ్మీ ఏడ్చింది, అయినా పంపింది. రంజాన్‌లో పిల్ల ఎలా ఉంటుందని నేను కంగారు పడ్డాను కదా, బెంగళూరులో చదివిన ఒక కుర్రాడు తర్వాత నాతో చెప్పాడు. రాత్రే డబ్బాలో అన్నం పెట్టుకుని, నలుగురు కలిసి సహరీ చేసేవారట. తండ్రి వెంట పోయి దించి రావచ్చు. ఆడపిల్లల హాస్టల్ వేరుగా ఉందా, కాపలా ఉందా, గైడ్ ఎవరు, అన్నీ కళ్లారా చూసి, నచ్చకపోతే వెనక్కి తీసుకురావచ్చు. ఆ రోజు ఆయనతో నేను అనవలసిన మాట ఇది. "రేపు ఇద్దరం కలిసి పోయి చూసి వద్దాం రండి" అని ఉంటే ఒక రోజు పని, రెండు బస్సు టికెట్లు అయ్యేవి.

ఆయన చిన్న కూతురు ఇప్పుడు బీఎస్సీ రెండో సంవత్సరంలో ఉంది. పోయిన వారం తండ్రి మళ్లీ వచ్చాడు, ఈసారి ఆ అమ్మాయిని కూడా వెంట తెచ్చాడు. ఫోనులో ప్రకటన తెరిచి నాకిచ్చింది. అక్షరాలు సన్నగా ఉన్నాయి, నా కళ్లకు ఆనలేదు. ఆమే చదివి వినిపించింది. మార్కుల పత్రాలన్నీ ఉన్నాయి. ఏ ప్రశ్న రాయాలో ఇంట్లో అక్కతో ఫోనులో మాట్లాడుకుంటోందట. ఉత్తరం ఏ లెక్చరర్‌ను అడగాలో మాత్రం ఇంకా తేలలేదు. సోమవారం నేను కూడా కళాశాలకు వస్తానని చెప్పాను.