ఉత్త చేతులతో తోలుదాం

బండలాగుడు ఎద్దుల కోసం మంత్రాలయం నుంచి ఒక ప్రణాళిక

బండకు గొలుసు తగిలించి, కాడి ఎత్తి ఎద్దుల మెడ మీద పెట్టాక, ఈల ఊదకముందు, తోలేవాళ్లందరూ రెండు చేతులూ పైకెత్తి జనానికి చూపాలి. అరచేతులు తెరవాలి. చొక్కా చేతులు మోచేతి పైకి మడవాలి. పంచె కట్టినవాళ్లు రొంటి విప్పి చూపాలి, ప్యాంటు వేసినవాళ్లు జేబులు బయటికి లాగి చూపాలి. వాటిలో ఏమీ ఉండకూడదు. మేము అడుగుతున్నది ఇంతే. ఇంత చిన్న పనికి ఒక ఉద్యమం ఎందుకు పెట్టాల్సి వచ్చిందో చెప్పడానికే ఈ ప్రణాళిక.

మేము మంత్రాలయం, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో ఎద్దులున్న ఇళ్లవాళ్లం. మాలో కొందరికి పందేలకని మేపిన ఒంగోలు జతలున్నాయి. ఎక్కువమందివి గొర్రు, గుంటక లాగే సేద్యపు ఎద్దులే. సంఘం పేరు, రిజిస్ట్రేషను, రసీదు పుస్తకం ఇంకా లేవు. అవి తర్వాత చూసుకోవచ్చు. ముందు మా మధ్య ఒక మాట కుదిరింది. అది మీ ముందు పెడుతున్నాం.

ఇది రాస్తున్న నేను ఎందుకు ఇందులోకి వచ్చానో చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక ఊరి తిరునాళ్లలో ఆరుపళ్ల విభాగంలో మా జత రెండో బహుమతి గెలిచింది. సాయంత్రం ఎద్దులను వంకలో కడుగుతుంటే మొదటి బహుమతి కొట్టిన జత కూడా అక్కడికే వచ్చింది. దాపటెద్దు బాగుంది కదా అని దగ్గరికి పోయి వీపు మీద చెయ్యి వేయబోయాను. చెయ్యి ఇంకా తగలలేదు, దాని తోలంతా నీళ్లలో రాయి వేసినట్టు అలలు అలలుగా వణికింది. పక్కకు జరిగి నిలబడింది. తోక మొదట్లో, పిర్ర మీద, ఎండిన నెత్తురు చుక్కలు ఏడో ఎనిమిదో వరసగా ఉన్నాయి. మేకు దిగిన గుర్తులు. వాటి మీద ఈగలు. ఆ ఎద్దుల ఆసామి నా మొహం చూసి తల తిప్పుకున్నాడు.

ఆ రాత్రి మా జతను తోలినవాణ్ణి పిలిచి అడిగాను. వాడు ఏమీ దాచలేదు. జేబులోంచి ఒక డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. అగ్గిపెట్టెకు రెండింతలుంటుంది. ఒక కొనకు రెండు రాగి మొనలు, లోపల బ్యాటరీ. నా ముంజేతికి ఆనించి మీట నొక్కుకున్నాను. మోచేయి దాకా నరం పీకి, చెయ్యి దానంతటదే ఎగిరి పడింది. మా ఎద్దుకు ఎన్నిసార్లు పెట్టావని అడిగితే లెక్క చెప్పలేకపోయాడు. పందెం ముందు నేను అడగలేదు. అడగకపోవడం నా తప్పు. ఆ పందెంలో గెలిచిన కప్పు మా ఇంట్లో గూట్లో ఉండేది. తర్వాత తీసి లోపల పెట్టేశాం.

బండలాగుడు తెలియని పట్నం పాఠకుల కోసం నాలుగు మాటలు. క్వింటాళ్ల బరువున్న రాతి దూలాన్ని ఒక జత ఎద్దులు నేల మీద ఈడ్చాలి. నిర్ణీత నిమిషాల్లో బరి ఈ కొస నుంచి ఆ కొసకు ఎన్నిసార్లు తిరిగి, మొత్తం ఎన్ని అడుగుల దూరం లాగాయన్నదే లెక్క. అంగుళాలతో సహా కొలుస్తారు. వయసును పళ్లను బట్టి చూస్తారు: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు, ఆరు, ఆ పైన పెద్ద విభాగం. సేద్యపు ఎద్దులకు వేరే విభాగం.

ఇందులో కష్టమంతా మొదటి అడుగులో ఉంది. నేలకు కరుచుకొని ఉన్న బండ కదలడానికి పట్టే బలం, కదిలిన బండను లాగడానికి అక్కర్లేదు. ఆ మొదటి ఊపులో కుడి పక్క ఎలపటెద్దు, ఎడమ పక్క దాపటెద్దు ఒకే క్షణంలో కాడికి మూపురం ఆనించాలి. ఒకటి ముందు, ఒకటి వెనక అయితే కాడి వంకర తిరుగుతుంది, బలం బండకు చేరదు. కొస దగ్గర తిప్పేటప్పుడు మళ్లీ అదే గండం. రెండు ఎద్దులను ఒక్క క్షణానికి కలపడమే తోలేవాడి విద్య. ఆ విద్య నేర్చినవాళ్లు మా చుట్టూ ఇంకా ఉన్నారు. మా ఊళ్లో ఒక పెద్దాయన బండ దగ్గర ఉరకడు, అరవడు. ముందు దాపటెద్దు గంగడోలు రెండుసార్లు నిమురుతాడు. తర్వాత రెండింటి మధ్యకు వచ్చి, నాలుక అంగిలికి కొట్టి ఒక శబ్దం చేస్తాడు. అంతే, రెండు తలలూ ఒకేసారి వంగుతాయి. ఆయన్ను అడిగితే, "బెదిరి లాగే ఎద్దు దేని దారి అది చూసుకుంటాదప్పా. జత ఎట్ల కుదురుతాది?" అన్నాడు.

ఆయన మాటలో లోతుంది. ఎద్దు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. సరిగ్గా వెనక ఉన్నది మాత్రం కనపడదు. మేకు, కరెంటు వచ్చేది అక్కడి నుంచే. నొప్పి ఎక్కడిదో దానికి తెలియదు, తప్పించుకోవాలని మాత్రమే తెలుస్తుంది. ఆ గింజుకోవడాన్ని మనం బలమని ఈలలు వేస్తున్నాం.

బండలాగుడు జాతిని నిలబెట్టే ఆట అని మనం వేదికల మీద చెప్పుకుంటాం. ఆ మాట నిజం కావాలని మా కోరిక. 1868లో రెండు ఒంగోలు పశువులు బ్రెజిల్‌లో సాల్వడార్ రేవులో దిగాయి. తర్వాత మరికొన్ని వెళ్లాయి. ఈరోజు ఆ దేశపు మాంసం మందల్లో ఎక్కువ భాగం మన నెల్లూరు పేరుతో పిలిచే నెలోర్ జాతిదే. వాళ్లు తరాల తరబడి కొలిచి, రాసి, ఎంచి పెంచారు. వాళ్లు మాంసం కోసం ఎంచారు. మనం బలం కోసం, ఓర్పు కోసం, మనిషి మాట వినే గుణం కోసం ఎంచాలి. ఆ గుణాలు ఏ కోడెలో ఉన్నాయో బరిలో తెలియాలి. డబ్బా నొక్కి లాగించిన అడుగులు ఏ గుణానికి లెక్క? ఆ అడుగులు చూసి లక్షలు పోసి కోడెను కొన్న రైతు మోసపోతున్నాడు. ఆ కోడెకు ఆవును దాటించినవాడూ మోసపోతున్నాడు.

ఇక చట్టం సంగతి. బండలాగుడు మీద కోర్టుల్లో ఏమవుతుందోనన్న భయం ప్రతి తిరునాళ్లకూ వస్తుంది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎద్దుల బండ్ల పందేలనూ ఆపేసింది. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్ట సవరణలు చెల్లుతాయని చెప్పింది. పశువుకు నొప్పి, బాధ తగ్గించేలా ఆ రాష్ట్రాలు నియమాలు రాసుకున్నాయన్నది ఆ తీర్పుకు ఒక ముఖ్య కారణం. ఆ తీర్పును మన తిరునాళ్ల పోస్టరు మీద అచ్చేసి ఛాతీ విరుచుకోవడానికి లేదు. మనం ఏ నియమాలు రాసుకున్నాం, ఏవి పాటిస్తున్నాం అని అడిగితే జవాబు కావాలి. పాత చట్టాలైనా మనకు తెలుసా? బరువు లాగే పశువుల కోసం 1965లో వచ్చిన కేంద్ర నియమాలు మేకులున్న కర్రను ఎప్పుడో నిషేధించాయి. ఎండ 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పశువును బండికి కట్టవద్దని కూడా అవే చెబుతున్నాయి. ఉగాదికీ శ్రీరామనవమికీ మన సీమలో ఆ వేళ ఎండ ఎంతుంటుందో మీకు చెప్పాల్సిన పని లేదు. హానిచేసే మందు పశువుకు ఎక్కించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఈ సంగతులు చదివినప్పుడు మాకు కోర్టుల మీద కోపం రాలేదు. చదవని మన మీద వచ్చింది.

యంత్రాలంటే మాకు పగ లేదు. అమెరికాలో పావుమైలు, అంటే 1,320 అడుగుల తిన్నని దారిలో రెండు కార్లు పోటీపడే డ్రాగ్ రేసింగు ఉంది. అక్కడ దీపం వెలిగిన క్షణానికి బండిని సరిగ్గా కదిలించడమే సగం పోటీ. ఆ క్షణాన్ని డ్రైవరు బదులు లెక్కపెట్టే ఎలక్ట్రానిక్ పెట్టెలు వచ్చాయి. వచ్చాక, పెట్టె లేనివాళ్లకని వేరే తరగతులు పెట్టుకున్నారు. వాటిలో పాదం, కన్ను, గుండె తప్ప ఇంకేదీ సాయం రాకూడదు. కానీ వాళ్లు దీపాలనూ గడియారాన్నీ తీసేయలేదు. కొలిచే చోట యంత్రం ఉంచుకొని, ఆడే చోట వద్దన్నారు. మంగళూరు వైపు దున్నపోతుల పందెం కంబళలో కూడా గెలుపును లేజరు కిరణంతో తేలుస్తున్నారు.   

మేము పెట్టబోయే పోటీ బరిలోనూ కెమెరాలుంటాయి. రెండు పక్కలా ఒక్కొక్కటి, ఎద్దుల వెనక ఒకటి. సమయానికి పెద్ద గడియారం ఉంటుంది. అనుమానం వస్తే అక్కడికక్కడే వీడియో తిప్పి జనం ముందు చూపిస్తాం. కరెంటు అక్కడ ఉండనీ, ఎద్దు తొడ మీద వద్దు.

ముల్లుగర్ర, మేకు, కరెంటు డబ్బా, సారా, సూది: వీటిలో ఏది దొరికినా ఆ జత లాగిన అడుగులు కొట్టేస్తాం, తోలినవాడు మళ్లీ మా బరిలోకి రాడు. తోక మెలిపెట్టడం, కొరకడం కూడా ఇదే లెక్క. సంతలో ఎద్దును కొనేటప్పుడు మీరే తోకను మొదలు నుంచి కుచ్చు దాకా వేళ్లతో తడిమి చూడండి. గణుపు జరిగి, వంకర తేలిన తోకలు ఎన్ని దొరుకుతాయో. అది ఎముక విరిగి అతుక్కున్న చోటు.

చర్నాకోల దగ్గర మా మధ్యే మూడు రాత్రులు వాదన నడిచింది. కుర్రవాళ్లు అసలే వద్దన్నారు. పెద్దవాళ్లు, గాలిలో కొట్టే చప్పుడు ఎద్దుకు మాటలాంటిదని, చిన్నప్పటి నుంచి దానికి అలవాటని అన్నారు. చివరికి గాలిలో చప్పుడు చేయవచ్చు, ఒంటి మీద పడకూడదు అని కుదిరింది. ఇది సరైన హద్దేనా అన్న అనుమానం మాలో కొందరికి ఇప్పటికీ ఉంది. ఒక ఏడాది ఆడి చూసి మళ్లీ కూర్చుంటాం.

ఇంకొకటి మా బరిలోనే ఉండే పద్ధతి. పందెం ఆపే హక్కు తోలేవాడికీ ఆసామికీ మాత్రమే కాదు, ఆ ఎద్దుకు రోజూ మేత వేసే మనిషికి కూడా ఉంటుంది. మా ఇళ్లలో ఆ మనిషి ఎక్కువగా ఆడమనిషే. ఉలవలు ఉడికించేది, బుడ్డల చెక్క నానబెట్టేది, రాత్రి ఎద్దు నెమరు ఆపితే లేచి చూసేది ఆమె. పోస్టరు మీద ఆమె పేరు ఉండదు, బరి దగ్గర ఆమెకు చోటు ఉండదు. దాని నడకలో తేడా ముందు తెలిసేది మాత్రం ఆమెకే. ఆమె కోసం గీత పక్కనే ఒక కుర్చీ వేస్తాం. ఆమె చెయ్యెత్తితే గడియారం ఆగుతుంది, అప్పటిదాకా లాగిన అడుగులు నిలుస్తాయి.

బహుమతుల గురించి కూడా చెప్పాలి. బుల్లెట్ బండ్లు, తులాల బంగారం, లక్షల నగదు వచ్చాక చిన్నరైతు చేతుల్లోంచి ఆట జారిపోయింది. మా పడమటి మండలాల్లో వాన తప్పితే ఇంటికి తాళం వేసి, పిల్లలతో సహా సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయే కుటుంబాలు ఎన్నో. ఎద్దులను వెంట తీసుకుపోలేరు, వదిలి పోలేరు, అమ్ముకుంటారు. ట్రాక్టరు వచ్చాక కొనేవాడు చాలాసార్లు కబేళా బేరగాడే. అందుకే మా బరిలో సేద్యపు ఎద్దుల విభాగమే ముందు నడుస్తుంది, వేదిక ముందే నడుస్తుంది. పెద్ద మొత్తం ఒక్కరికే పోయే పద్ధతి ఉండదు. బరిలోకి వచ్చిన ప్రతి జతకూ ఒక మూట ఉలవలు, ఒక బండి జొన్నచొప్ప. గెలిచినవాళ్లకు అదనంగా ఒక కొత్త కాడి, మా ఊరి వడ్రంగి చెక్కింది.

పెద్ద జతల ఆసాములారా, మీరు మాకు శత్రువులు కారు. కరెంటు లేకుండా మీ ఎద్దులు గెలుస్తాయని మీకే నమ్మకం ఉంటే రండి. జంతుప్రేమికులారా, మీరు బరి దగ్గరికి వచ్చి చూడండి, తప్పుంటే మా మొహం మీద చెప్పండి. కమిటీల పెద్దలారా, మీ తిరునాళ్లలోనూ ఈ ఒక్క నియమం, జేబులు చూపే నియమం, పెట్టి చూడండి. దానికి పైసా ఖర్చు లేదు.

మొదటి పోటీ వచ్చే ఏరువాక పున్నమి నాడు, తుంగభద్ర ఒడ్డు పొలాల్లో. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ఎక్కేలోపు ముగిస్తాం. ప్రవేశ రుసుము లేదు. పశువుల డాక్టరు ముందూ వెనకా చూస్తారు. మీ ఎద్దులు, మీ పలుపులు మీవే తెచ్చుకోండి. ఎద్దుకు మేత వేసే మనిషిని కూడా వెంట తీసుకురండి, ఆమె కుర్చీ ఖాళీగా ఉంటే ఆ జతకు బండ కట్టం.