నిలుచున్నపాటున

ముందుగా సిద్ధపడకుండా అప్పటికప్పుడు పలకడాన్ని మనం 'ఆశువుగా చెప్పడం' అంటాం. సంస్కృతంలో 'ఆశు' అంటే వేగం. ముషాయిరాల్లో వినే 'ఫిల్‌బదీహ్'కు మూలమైన అరబ్బీ పదం 'బదీహ' హఠాత్తుగా స్ఫురించేదాన్ని తెలుపుతుంది. అరబ్బీలోనే మరో మాట 'ఇర్తిజాల్'. పాదం అనే అర్థమున్న 'రిజ్ల్'దీ, కాలినడకన హజ్‌కు వచ్చేవారిని గురించి దివ్యఖుర్ఆన్ (22:27) పలికిన 'రిజాలన్'దీ ఇదే ధాతువు. మన 'నిలుచున్నపాటున' అనే నుడికారం భావంలో దీనికి దగ్గరి చుట్టం.

9వ శతాబ్దపు బస్రా పండితుడు అల్ జాహిజ్ అరబ్బుల వాక్పటిమను బదీహ, ఇర్తిజాల్ అనే మాటలతోనే కొనియాడారు. అయితే ఆ అరబ్బులు కవిత్వాన్ని కంఠస్థం చేస్తూ పెరిగినవారు. నిలుచున్నపాటున నోటికి వచ్చేది, ఎప్పటినుంచో మనసులో నిలువ ఉన్నదే.

పిల్లల ప్రశ్నకూ, పొరుగువారి పరుషవాక్యానికీ మనం ఆశువుగానే బదులిస్తాం. ఆ క్షణం కోసం మన ఇళ్లలో ఏ మాటలను నిలువ చేస్తున్నామో ఆలోచించుకుందాం.