బీఎంఐ 24 ఉందా? నార్మలే అనుకుంటే పొరపాటే.. నడుము కొలత కూడా చూసుకోండి!

మీ ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 65 కిలోలా? అయితే మీ బీఎంఐ దాదాపు 23.9. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఇది నార్మల్. మన దేశ వైద్యుల లెక్కలో మాత్రం అధిక బరువు! ఒకే మనిషి, ఒకే బరువు.. మరి రెండు లెక్కలెందుకు?

కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 25 నుంచి అధిక బరువు, 30 నుంచి ఊబకాయం. కానీ భారతీయుల్లో తక్కువ బరువుకే పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుంటుంది. షుగర్, గుండె జబ్బుల ముప్పూ ముందే మొదలవుతుంది. అందుకే 2009లో మన నిపుణులు ఈ పరిమితులను 23, 25కు తగ్గించారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 25నే ప్రమాణంగా తీసుకుంది. ఆ లెక్కన చూసినా 15-49 ఏళ్ల మహిళల్లో ఏపీలో 36 శాతం, తెలంగాణలో 30 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. 23 నుంచి లెక్కేస్తే ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది.

అలాగని బీఎంఐ ఒక్కటే చూస్తే సరిపోదు. ఒంట్లో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది అది చెప్పదు. జిమ్‌కెళ్లే కుర్రాడికీ, బొజ్జ ఉన్న ఉద్యోగికీ ఒకే నంబర్ రావచ్చు. బీఎంఐ ఒక్కదాంతోనే ఊబకాయాన్ని తేల్చొద్దని 2025 జనవరిలో లాన్సెట్ కమిషన్ కూడా చెప్పింది.

మరేం చేయాలి? టేపుతో నడుము కొలుచుకోండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే.. బీఎంఐ ఎంతున్నా సరే, డాక్టర్‌ను కలిసి షుగర్, బీపీ చెక్ చేయించుకోండి.